రేపు మేస్త్రి

మా బావ లారీ కింద పడుకున్నంత హాయిగా ఇంట్లో మంచం మీద పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. అట్టముక్క పరుచుకుని, వెల్లకిలా పడుకుని, కాళ్ళు రెండూ బయటికి వదిలేసి ఇంజను అడుగు వంక చూస్తూ ఉండేవాడు. దారిన పోయేవాళ్ళకి ఆయన చెప్పులు మాత్రమే కనిపించేవి. ఆ చెప్పులు కదలకపోతే కునుకు తీస్తున్నాడని, ఎడమ చెప్పు ఊగుతుంటే ఆయిలు దిగుతోందని షెడ్డులో అందరికీ తెలుసు.

ఆయన పని ఆయిలు మార్చడం. ఇరవై ఆరేళ్ళుగా అదొక్కటే. లారీ ఇంజను అడుగున ఆయిలు నిలిచే పెద్ద తొట్టి ఉంటుంది, దాన్ని మేం చాంబర్ అంటాం. దాని అడుగున బొటనవేలంత లావు బోల్టు. అది విప్పితే పద్దెనిమిది లీటర్ల పాత ఆయిలు ఒక్కసారిగా దూకుతుంది. వేడి మీదుండగానే విప్పాలి, చల్లారితే మడ్డి అంతా అడుగునే ఉండిపోతుంది. చివరి చుట్టు తిప్పేటప్పుడు బోల్టుని పైకి ఒత్తిపట్టి, చటుక్కున లాగి చెయ్యి తప్పించుకోవాలి. ఎంత ఒడుపుగా తప్పించుకున్నా మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా ఒక నల్లటి చార దిగక మానదు. మా బావ కుడిచేతికి ఆ చార పుట్టుమచ్చలా ఉండిపోయింది. మా అక్క పెళ్ళైన కొత్తలో సబ్బుతో రుద్ది రుద్ది, చివరికి విసుగొచ్చి వదిలేసింది.

నేను లారీ నడుపుతాను. ఆయిలు మార్పించడానికి వెళ్ళినప్పుడల్లా నేనూ ఒక అట్టముక్క వెతుక్కుని బావ పక్కన పడుకునేవాణ్ణి. కొండదారి దిగి వచ్చిన ఒళ్ళు, పడుకుంటే చాలు కళ్ళు మూతలు పడేవి. ఆయిలు ముందు తాడులా దిగేది, ఆ తర్వాత దారంలా, ఆ తర్వాత చుక్కలు చుక్కలుగా. మధ్యాహ్నపు ఎండ చక్రాల సందులోంచి పాక్కుంటూ వచ్చి ఆ తాడుకి తగిలితే నలుపు కాస్తా తేనెరంగుకి తిరిగేది. సగం నిద్రలో నాకు అది లారీ అనిపించేది కాదు. ఏదో పెద్ద జంతువు మా ఇద్దరి మీదా కాళ్ళు నాలుగూ చాపి, నిలబడే నిద్రపోతున్నట్టుండేది. బయట సుత్తి చప్పుళ్ళు, ఎవరో ఎవర్నో తిట్టడం, అన్నీ చాలా దూరంగా, నిన్నటివన్నట్టు వినిపించేవి.

నేనేదైనా అనబోతే బావ "ష్" అనేవాడు. "అది దిగుతోందిరా. దిగేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదు."

చివరి చుక్క దగ్గర పడేసరికి ఆయన వేలు చాపి దాన్ని పట్టుకునేవాడు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుని మెల్లగా రుద్దేవాడు. ఆ రుద్దడంలోనే ఇంజను లోపల ఏం జరుగుతోందో ఆయనకి తెలిసిపోయేది. బేరింగు అరుగుతోందా, డీజిలు కలుస్తోందా, నీళ్ళు దిగుతున్నాయా, అన్నీ. డ్రైవరు "ఎలా ఉంది మేస్త్రీ?" అని అడిగితే అక్కడికక్కడే చెప్పేవాడు.

అదంతా పాతమాట. ఈ మూడేళ్ళుగా ఎవరు అడిగినా ఒకటే జవాబు: "రేపు చెప్తా." అన్నట్టే మర్నాడు పొద్దున చెప్పేవాడు, చెప్పింది అచ్చంగా అయ్యేది. దాంతో ఆయనకి 'రేపు మేస్త్రి' అని పేరు పడిపోయింది. పెద్దవాడయ్యాడు, తొందరపడి మాట జారడు అని డ్రైవర్లు ఇంకో మెట్టు ఎక్కించి గౌరవించారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకునే అలవాటు లేదు. "ఏం బావా, చుక్కని తలకింద పెట్టుకుని పడుకుంటే కల్లోకొచ్చి చెబుతుందా?" అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. "అలాగే అనుకో" అనేవాడు.

ఆయనకి ఇంకో నియమం ఉండేది. బోల్టు మళ్ళీ బిగించేటప్పుడు మూడు చుట్లు వేళ్ళతోనే తిప్పాలి, ఆ తర్వాతే పానా పెట్టాలి. మర సరిగ్గా పట్టిందో లేదో వేళ్ళకి తెలిసినట్టు పానాకి తెలియదు. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడికీ ఆయన మొదట నేర్పేది అదే. అలాంటి మనిషి నా బండికే మర తప్పించాడు.

ఆ రోజు సిమెంటు లోడుతో కొండెక్కుతున్నా. సగం దారిలో ఆయిలు మీటరు ముల్లు ఉన్నట్టుండి కిందికి వాలింది. వెంటనే ఇంజను ఆపి, చక్రాలకి రాళ్ళు పెట్టి కిందికి దూరి చూస్తే బోల్టు వంకరగా కూర్చుని ఉంది, మర చీలిపోయింది, ఆయిలు ధారగా కారుతోంది. వెనక్కి తిరిగి చూస్తే నేనొచ్చిన దారి పొడుగునా మలుపు మలుపుకీ ఒక నల్ల గీత. పొద్దున ఎండలో అది మెరుస్తూ కిందికి దిగిపోయి మబ్బులో కలిసిపోయింది. అంత అందంగా నా ప్రాణం మీదికి వచ్చింది.

బండిని లాగించుకుని షెడ్డుకి వచ్చి, పదిమందీ చూస్తుండగా బావని నోటికొచ్చినట్టు తిట్టా. "కన్ను మూసి తెరిచేలోగా నీకు బావమరిది ఒకడుండేవాడు అని చెప్పుకునేవాళ్ళు!" అని కూడా అన్నా. ఆయన తలవంచుకుని అంతా విన్నాడు.

"ముల్లు పడగానే ఇంజను ఆపావా?" అని అడిగాడు.

"ఆపబట్టే నీ ముందు నిలబడి అరుస్తున్నా!"

"మంచి పని చేశావు" అన్నాడు. నా కళ్ళలోకి మాత్రం చూడలేదు.

షెడ్డు యజమానురాలిని మేమంతా షెడ్డమ్మ అంటాం. అద్దాల గదిలో కూర్చుంటుంది, గొంతు పెంచడం ఎరగదు. ఆవిడ బయటికి వచ్చి, చీలిన బోల్టు చేతిలోకి తీసుకుని చూసింది. "మేస్త్రీ, ఈ ఏడాది ఇది రెండోది. ఇంకో చాంబర్ పాడైతే గేటు దగ్గర కుర్చీ వేయిస్తా. వచ్చే బండ్లూ పోయే బండ్లూ రాసుకుంటూ కూర్చుందువుగాని" అంది. కోపంగా అన్నా బాగుండేది. మంచంలో ఉన్న మనిషిని పలకరించినట్టు మెత్తగా అంది. బావ ఒకసారి గేటు వంక చూశాడు. అక్కడి నుంచి చూస్తే బండ్ల ముందు భాగాలే కనిపిస్తాయి, అడుగు కనిపించదు.

తిట్టింది నేనే, ఆ పూటంతా అన్నం సయించనిదీ నాకే. సాయంత్రం స్పేరుపార్టుల కొట్టుకి వెళ్ళి, చాంబర్ బోల్టు మాటిమాటికీ విప్పకుండా ఆయిలు దించే దారేమైనా ఉందా అని అడిగా. కొట్టాయన ఇత్తడి వాల్వు ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. బోల్టు తీసేసి ఆ కన్నంలో దీన్ని ఒక్కసారి బిగిస్తే చాలు, ఇంక జన్మలో మర జోలికి పోనక్కర్లేదు. పక్కన చిన్న మీట ఉంది. దాన్ని పైకి నొక్కి పావు వంతు తిప్పితే ఆయిలు దిగుతుంది, వెనక్కి తిప్పితే ఆగుతుంది. మూతికి గొట్టం తగిలించి డబ్బాలో పెడితే చేతికి చుక్క అంటదు. మీట దానంతటది తిరిగిపోకుండా ఒక కొక్కెం. జేబులో పెట్టుకుని ఇంటిదాకా దాన్ని తడుముకుంటూనే వచ్చా.

చాంబర్ ఊడదీయించి, లేతు దగ్గర మర కొత్తగా కోయించి, మర్నాడు వాల్వు బావ ముందు పెట్టా.

"ఏంటిది? కుళాయా?"

"వాల్వు."

"నా చాంబర్‌కి కుళాయి పెడతావా? అదేమన్నా స్నానాల గదా?"

"నీ చాంబర్ కాదు, నాది. నా బండి, నా చాంబర్."

"అయితే పట్టుకుపో. దీనికి మేస్త్రి ఎందుకు? దారిన పోయే దానయ్య ఎవడైనా తిప్పుతాడు. నేను కుర్చీ తెచ్చుకుని గేటు దగ్గరే కూర్చుంటా" అని లారీ కిందికి దూరాడు. చెప్పులు రెండూ కదలకుండా ఉన్నాయి. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇంకెవరితో చెప్పించాలి? మర్నాడు అక్క దగ్గరికి బయల్దేరా.

అక్క కుట్టుపని చేస్తుంది. మేడ మీద ఒక గది, ఒక వంటగది. కిటికీ పక్కన మిషను, కుర్చీ వీపు మీద సగం కుట్టిన పరదాలు. అక్క వేళ్ళు గుడ్డని తాకి అది ఎంత సన్నదారమో, ఎక్కడ పోగు తెగిందో చూడకుండానే చెప్పేస్తాయి. నేను వెళ్ళేసరికి సాయంత్రపు ఎండ కిటికీలో వాలుతోంది. కిటికీ గట్టు మీద చిన్న చిన్న మందు సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానిలో అడుగున ఇంత నల్లటిది. ఎండ తగిలి ఒకటి తేనెరంగులో, ఒకటి పొగరంగులో, ఒకటి మసిబొగ్గులా ఉన్నాయి. ఎక్కడో చూసిన రంగులే అనిపించి కాసేపు అలా నిలబడిపోయా.

"అవేంటక్కా?"

అక్క మిషను ఆపింది. "ఎవరితోనూ అననని చెప్పు ముందు."

"అననులే."

"నీ నోరు నాకు తెలుసు. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాక చెప్పింది. మూడేళ్ళ కిందట ఒకరోజు పొద్దున బావ అద్దం ముందు చొక్కా వేసుకుంటూ చాలాసేపు నిలబడిపోయాడట. ఏంటా అని చూస్తే గుండీ పట్టు చిక్కడం లేదు. వేళ్ళ చివర స్పర్శ లేదు. ఏళ్ళ తరబడి పానా తిప్పి తిప్పి మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందని, ఇంక తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రమే బావ ఒక మందు సీసాలో నాలుగు చుక్కల ఆయిలు పోసుకుని తెచ్చాడు. "నీ వేళ్ళకి గుడ్డ సంగతి తెలుస్తుంది గదా, దీని సంగతి చూడు" అన్నాడు.

"నాకేం తెలుసురా? రుద్ది చూసి, 'పిండిలో ఇసుక కలిసినట్టుందండీ' అన్నా. ఆయన మొహం వెలిగిపోయింది. 'బేరింగు!' అన్నాడు. ఇంకోటి రుద్ది, 'పలచన, వేలి మీద నిలవడం లేదు' అంటే 'డీజిలు కలుస్తోంది' అన్నాడు. అలా మొదలైంది. రోజూ లైటు వేసే ముందు ఆయన ఇక్కడ కింద పడుకుని కళ్ళు మూసుకుంటారు. నేను ఒక్కో సీసా రుద్ది చెబుతుంటా. ఆయన అర్థం చెబుతారు."

అదన్నమాట రేపు. మూడేళ్ళుగా షెడ్డులో బండ్లన్నిటి జాతకం ఈ కిటికీ దగ్గర మా అక్క చెబుతోంది, ఒక్కడికీ తెలియదు. నేను తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. మూడు చుట్లు తిప్పడానికి ఆయన దగ్గర వేళ్ళు లేవని నేనెప్పుడైనా అనుకున్నానా?

"పాతికేళ్ళు కాపురం చేశాను గానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన ఏం చేస్తారో నాకు తెలిసేది కాదు" అంది అక్క. "ఇప్పుడు ప్రతి బండీ తెలుసు. నీ బండి కూడా."

"ఎలాంటిది?"

"నీలాంటిదే. వేడి జాస్తి. లోపల మెత్తన."

నేను కిటికీ వంక తిరిగి ముక్కు తుడుచుకున్నా.

అక్క ఒక సీసా ఎత్తి ఎండకి పెట్టి చూస్తూ, "ఆ కుళాయి సంగతి నిన్న చెప్పారు. మూసిన గొట్టంలోంచి మూసిన డబ్బాలోకి పోతుందట గదా. ఇంక నాకేం తెస్తారు?" అంది.

అప్పటిగ్గానీ నాకు అర్థం కాలేదు, బావ మొండికేసింది గేటు కుర్చీకి భయపడి మాత్రమే కాదు. నేను జేబులోంచి వాల్వు తీసి అక్క చేతిలో పెట్టా. "చుక్క కావాలంటే ఇది చుక్కే ఇస్తుందే పిచ్చిదానా. మీట ఇంత తిప్పితే చాలు. ఇదివరకు ఆయిలంతా దించితేగానీ చుక్క దొరికేది కాదు. ఇప్పుడు ఎప్పుడంటే అప్పుడే."

అక్క మీటని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా" అంది.

ఆ రాత్రి ఏం చెప్పిందో, పొద్దున బావ తనే వాల్వు అడిగి తీసుకున్నాడు. లారీ కింద ఇద్దరం పక్కపక్కనే పడుకున్నాం. ఆయన వాల్వుని కన్నానికి ఆనించి, చాలాసేపు అలాగే పట్టుకుని, చివరికి నా వైపు జరిపాడు. "నువ్వు తిప్పు. మూడు చుట్లు, వేళ్ళతో" అన్నాడు. నేను తెలియనట్టే తిప్పా. మర నెయ్యిలో దిగినట్టు దిగింది. పానాతో చివరి బిగింపు ఆయనే బిగించాడు. కొత్త ఆయిలు పోసి, రెండు రోజులు చిన్న చిన్న కిరాయిలకి తిప్పా. ఒక్క చుక్క కారలేదు.

మూడోరోజు మళ్ళీ కొండకి లోడు ఎక్కింది. తాడు బిగిస్తుంటే షెడ్డమ్మ అద్దాల గదిలోంచి వచ్చింది. "ఆ రోజు కొండ మీద ముల్లు పడింది గదా, లోపల ఏమైనా తినేసిందేమో. మేస్త్రీ, చుక్క తీసి చెప్పు, అప్పుడు కదలనిద్దాం" అంది.

"రేపు..." అన్నాడు బావ అలవాటుగా.

"రేపటికి బండి కొండ అవతలుంటుంది. ఇప్పుడే చెప్పాలి."

డ్రైవర్లు చుట్టూ చేరారు. బావ కిందికి వంగి, కొక్కెం తీసి, మీట కొద్దిగా తిప్పి వేలు పెట్టాడు. చుక్క పడింది. కళ్ళు మూసుకుని రుద్దాడు. ఆయనకేమీ తెలియడం లేదని అక్కడ నాకొక్కడికే తెలుసు. ఒట్టు పెట్టినవాణ్ణి, నోరు విప్పడానికి లేదు. బాగుంది అనేస్తే సరిపోతుంది, పేరూ నిలుస్తుంది, చోటూ నిలుస్తుంది. పదింట తొమ్మిదిసార్లు బాగానే ఉంటుంది కూడా. బావ కళ్ళు తెరిచి నా వంక చూశాడు. కొండ మీద నుంచి వచ్చిన రోజు చూడని చూపు అప్పుడు చూశాడు.

"నాకు తెలియదమ్మా" అన్నాడు. "మూడేళ్ళ నుంచీ తెలియదు. ఈ వేళ్ళు ఎప్పుడో పోయాయి. ఇన్నాళ్ళూ చెప్పింది మా ఆవిడ, నేను మోసుకొచ్చానంతే. ఈ బండెక్కేది దాని తమ్ముడు. ఊహించి చెప్పలేను."

షెడ్డమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆవిడ ఎక్కడుంది?" అని అడిగింది. ఆ మాట పూర్తయ్యేలోగా నేను పరుగు తీశా.

అక్క మెడలో టేపుతోనే వచ్చేసింది. ఇరవై ఆరేళ్ళలో ఆ షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదలు. బావ తన అట్టముక్క దులిపి పరిచాడు. అక్క దాని మీద పడుకుని కిందికి జరిగింది. కాసేపు ఏమీ చెయ్యలేదు. పైన ఇంజను, గొట్టాలు, చక్రాల సందుల్లోంచి పాకుతున్న ఎండ.

"ఓహో, మీరు రోజూ చూసేది ఇదా" అంది లోపలి నుంచి. గొంతు నిద్రలోంచి వచ్చినట్టుంది. "బాగుందండీ ఇక్కడ."

తర్వాత మీట తిప్పింది. చుక్క రుద్దింది. ఇంకో చుక్క తీసి మళ్ళీ రుద్దింది. "మెత్తగా ఉంది... ఆగండి. లోపల గరుకుంది. సన్న తీగ అరిగి పొడైనట్టు."

"బేరింగు పోయింది" అన్నాడు బావ. "లోడు దించండి."

దించి, విప్పి చూశారు. బేరింగు రేకు అరిగి ఎర్రటి రాగి బయటపడి ఉంది. కొండ మొదటి మలుపులోనే ఇంజను పట్టేసేది. ఆ ముక్కని నేను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశా.

షెడ్డమ్మ గేటు దగ్గరికి నడిచింది. వాచ్‌మన్ గదిలోంచి కుర్చీ తెప్పించింది. దాన్ని చూసి బావ తన పానాలు ఏరుకుని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ కుర్చీని లారీ పక్కన నీడలో వేయించింది.

"ఇది ఆవిడకి. రోజూ సాయంత్రం ఒక గంట రమ్మను. ఉన్న బండ్లన్నిటికీ ఆ వాల్వులు పెట్టించండి. నువ్వెక్కడ పడుకుంటావో నీ ఇష్టం మేస్త్రీ" అని అద్దాల గదిలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు సాయంత్రం పూట షెడ్డుకి వెళితే ఆ కుర్చీ చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. మొన్న నా బండి కింద రెండు జతల చెప్పులు కనిపించాయి. వంగి చూశా. ఇద్దరూ వెల్లకిలా పడుకుని ఉన్నారు. అక్క వేలి మీద ఒక చుక్క ఉంది.

"ఇంట్లో అన్నీ చల్లారిపోయి వచ్చేవి. ఇది ఎంత వెచ్చగా ఉందో చూడండి" అంది.

"నాకేం తెలుస్తుందే?"

అక్క ఆ చుక్కని ఆయన వేళ్ళకి రాయలేదు. మణికట్టు కింద, పాత నల్ల చార మొదలయ్యే చోట రాసింది. "ఇక్కడ?"

బావ కళ్ళు మూసుకున్నాడు. "తెలుస్తోంది" అన్నాడు.

నేను చప్పుడు చెయ్యకుండా లేచి నిలబడ్డా. వాల్వు మూసే ఉంది, ఆయిలు దిగడం లేదు. బావ ఎడమ చెప్పు మాత్రం మెల్లగా ఊగుతోంది.